ఆటలు తయారుచేసే చదువు - మన పిల్లలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యా సహాయ నిధికి వచ్చిన దరఖాస్తుల్లో రెండింటి దగ్గర మన కమిటీవారు ఆగిపోయారు. ఇంజనీరింగు, ఫార్మసీ, నర్సింగు, టీచర్ ట్రైనింగు - వీటికి సాయం చేయడం మనకు అలవాటే. ఈ రెండూ మాత్రం గేమ్ డెవలప్‌మెంట్ చదువుకు సంబంధించినవి. అంటే కంప్యూటర్లలో, ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేయడం నేర్పే చదువు. ఒకటి హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో చేరిన అబ్బాయిది. రెండోది మా కాలేజీలో చదువుతున్న అమ్మాయిది, సముద్రం ఒడ్డు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. కమిటీలో ఒక పెద్దాయన "పిల్లలు ఆడుకోవడానికి కూడా మనం డబ్బు కట్టాలా?" అన్నారట. ఇంకొకరు "అది జూదం కదా భాయ్, రేపు ఎవరికి జవాబు చెప్పుకోవాలి?" అన్నారట. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నేను కంప్యూటరు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక, నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పిలిచారు. ఆ అమ్మాయి నా విద్యార్థిని. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ వేరే విధంగా అనుకోకుండా.

ముందు జూదం సంగతి తేల్చుకుందాం. మన తెలుగులో ఆ మాటే కాస్త తికమక పెడుతుంది. పాత మంటపాల రాతి నేల మీద, సత్రాల అరుగుల మీద గీసిన గీతలు చాలామంది చూసే వుంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. దాని పేరు పులిజూదం. అందులో పందెం లేదు, పైసా లేదు. పేరులో జూదం వుంది, లోపల లేదు. ఇప్పుడు ఫోన్లో రమ్మీ సంగతి తీసుకోండి. అందరూ దాన్ని గేమ్ అన్నారు, లోపలంతా జూదం. పల్లెల్లో ఎన్ని కుటుంబాలు దానివల్ల అప్పులపాలయ్యాయో ఈ హాల్లో వున్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. తర్వాత పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టం డబ్బు ఆటలను ఒక పక్కన, పోటీ క్రీడలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు వినోదపు ఆటలను మరో పక్కన పెట్టింది. మొదటిదాన్ని నిషేధించింది, మిగతావాటిని ప్రోత్సహిస్తామన్నది. కాబట్టి దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్ని మనం అడగవలసిన మాట ఇదీ: నువ్వు నేర్చుకునే ఆటలో ఆడేవాడు పందెం కాస్తాడా, కాయడా? పందెం వుంటే అది హరామ్, చట్టం దృష్టిలోనూ నేరం. లేకపోతే అది బొమ్మ గీయడం, కథ చెప్పడం, లెక్క చేయడం లాంటి పనే.

అసలు అందులో చదువేముంది అంటారా? మళ్ళీ పులిజూదం దగ్గరికే వస్తాను. మేకలు పదిహేనే ఎందుకు? పది పెడితే పులులు వరసగా తినేస్తాయి. పాతిక పెడితే పులులకు కదలడానికి చోటుండదు. రెండు పక్షాలకూ గెలిచే ఆశ వుండాలి. ఏ కాలంలోనో ఎవరో కూర్చుని తగ్గించీ పెంచీ ఆడి చూసే వుంటారు. దాన్నే ఇవాళ గేమ్ డిజైన్ అంటున్నారు. దాని తర్వాత దాన్ని కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రామింగు, బొమ్మలు, వాటికి కదలిక, శబ్దం, చివర పరీక్ష. ఈ పరీక్ష చేయడం కూడా ఒక ఉద్యోగమే, ఆడుకోవడం అనుకుంటే పొరబాటు. ఒకే గోడను వంద వైపుల నుంచి గుద్ది, ఎక్కడ సందు దొరికి మనిషి అవతలికి పడిపోతున్నాడో కాగితం మీద రాసివ్వాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని.

ఇక అసలు విషయం. ఇలాంటి చదువుల్లో మాలాంటి మాస్టర్లకు ఒక ఇబ్బంది వుంది. సిలబస్ ఒకసారి ఆమోదమైతే ఏళ్ళ తరబడి మారదు. ఆ పరిశ్రమ మాత్రం ఏడాదికోసారి మారిపోతుంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజన్ అంటారు. యూనిటీ అనే పేరుమోసిన ఇంజన్‌వాళ్ళు 2023 సెప్టెంబరులో, ఒక స్థాయి దాటిన ఆటలు ఎవరి ఫోన్లో ఎక్కినా దానికింతని రుసుము కట్టాలన్నారు. ప్రపంచమంతా గోల పెట్టింది. 2024 సెప్టెంబరులో రద్దు చేసుకున్నారు. ఆ ఏడాదిలో ఎంతోమంది వేరే ఇంజన్లకు మారిపోయారు. ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది ఈ సంగతి? రోజూ ఆ పని చేసేవాళ్ళు తరగతిలోకి వచ్చి చెప్పాలి. యు.జి.సి. కూడా 2022లో ఒక వీలు కల్పించింది. పదిహేనేళ్ళ అనుభవం వున్న నిపుణులను, డాక్టరేటు లేకపోయినా 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా తీసుకోవచ్చునన్నది. మంజూరైన ఉద్యోగాల్లో పదో వంతు మించకూడదు. మంచి నియమమే. చిన్న ఊళ్ళకు అలాంటివాళ్ళు రావడం ఎంత కష్టమో మాకే తెలుసు.

వచ్చినప్పుడు ఏం జరగవచ్చో చూపే కథ ఒకటి అమెరికాలో వుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్‌మండ్ అనే ఊళ్ళో డిజిపెన్ అని ఆటల చదువుకే పెట్టిన సంస్థ వుంది. అక్కడి విద్యార్థులు కొందరు 2005లో 'నార్బాక్యులర్ డ్రాప్' అని ఒక చిన్న ఆట చేశారు. అందులో ఒక రాజకుమారి. ఆమెకు మోకాళ్ళు లేవని పేరు, అంటే ఎగరలేదు. గోడలో ఒక తలుపు తెరిస్తే అందులోంచి దూరి ఇంకెక్కడో తెరిచిన తలుపులోంచి బయటపడాలి. ఆ ఒక్క ఆలోచనే ఆటంతా. కాలేజీలో జరిగిన ఉద్యోగ ప్రదర్శనకు వాల్వ్ అనే కంపెనీ వాళ్ళు వచ్చారు. ఆట చూశారు. తమ ఆఫీసుకు పిలిపించుకున్నారు. కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ అది చూసి జట్టునంతటినీ ఉద్యోగంలోకి తీసుకున్నాడు. 2007లో వాళ్ళు చేసిన 'పోర్టల్' ఆట లోకమంతా పేరు పొందింది. ఆ పిల్లలు చూపించింది పూర్తయిన ఒక చిన్న ఆట. పెద్దపెద్ద నగరాలు, యుద్ధాలు ఏమీ లేవు అందులో. ఎగరడం కూడా తీసేశారు, చూడండి.

మా తరగతికి గత ఏడాది ఇద్దరు వచ్చారు. ఒకాయన హైదరాబాదులో ఒక స్టూడియోలో ప్రోగ్రామరు. ఆవిడ బెంగుళూరులో బొమ్మలు చేసే ఆర్టిస్టు. మావాళ్ళు మామూలుగానే వేదిక, బ్యానరు, శాలువాలు, జ్ఞాపికలు ఏర్పాటు చేశారు. శాలువాల పని అయిదు నిముషాల్లో ముగియగానే ఆయన "పిల్లల కంప్యూటర్లు ఎక్కడున్నాయి?" అని లేచారు. ఆ ప్రశ్నతోనే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మొదట కూర్చున్న కుర్రవాడు నలభై పేజీల ప్రణాళిక తెచ్చాడు. నగరం, పన్నెండు రకాల బండ్లు, దొంగలు, పోలీసులు. తెర మీద ఒక కారు రోడ్డు మీద పోతూ వుంది. "ఇందులో పూర్తయింది ఏది?" అన్నారాయన. వాడు మాట్లాడలేదు. "ఈ కారు తలుపు తెరుచుకుంటుందా?" "ఇంకా లేదు సార్." "అయితే నెల రోజులు ఆ తలుపు ఒక్కటే చెయ్యి. తెరవడం, మూయడం, చప్పుడు. అది చేసి నాకు పంపు." వాడి మొహం చిన్నబోయింది. అప్పుడు నాకూ కాస్త బాధనిపించింది గాని, ఆయన చెప్పింది నిజం.

తర్వాత మన అమ్మాయి. ఆమె ఆట రాత్రిపూట రొయ్యల చెరువు. కరెంటు పోతుంది, ఏరేటర్లు ఆగిపోతాయి. చీకట్లో గట్టు మీద నడిచి జనరేటరు స్టార్ట్ చేయాలి. ఆలస్యమైతే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. వాళ్ళ నాన్న ఇందుకూరుపేట వైపు చెరువుల మీద కాపలా పనిచేస్తాడు. ఆ రాత్రుళ్ళు ఆమెకు తెలుసు. ఆర్టిస్టుగారు కూర్చుని ఆడారు. ఆవిడ చెరువు ఎప్పుడూ చూసినట్టు లేదు. మేత సంచి కనబడింది, వేస్తూ పోయారు. నిముషంలో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అమ్మాయి "అట్టా కాదు మేడం, ముందు..." అని నోరు తెరవబోయింది. ఆవిడ వేలు పెదవి మీద పెట్టి వద్దన్నారు. మళ్ళీ ఆడారు. మళ్ళీ చచ్చాయి. అప్పుడు తిరిగి, "నీ ఆట ఆడే ప్రతివాళ్ళ ఇంటికీ నువ్వు కూడా పోయి పక్కన కూర్చుంటావామ్మా?" అన్నారు.

గదిలో అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాసేపు తెర చూసి, "మీరు మేత వేస్తూనే వున్నారంటే నా చెక్ ట్రే మీకు కనబళ్ళేదు మేడం. దాన్ని గట్టు పక్కనే పెట్టాలి" అంది.

చెక్ ట్రే అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియని పట్నంవాళ్ళ కోసం చెబుతాను. మేత వేసిన తర్వాత రొయ్య తిన్నదో లేదో నీళ్ళ పైనుంచి తెలియదు. అందుకని ఒక పళ్ళెంలాంటి వల ట్రేలో కొంచెం మేత పెట్టి నీళ్ళలోకి దింపుతారు. కాసేపటికి ఎత్తి చూస్తారు. మిగిలివుంటే మేత తగ్గించాలి. రొయ్య నోరు తెరిచి చెప్పదు, ట్రే చెబుతుంది. ఆటను కొత్త మనిషి చేతికిచ్చి, తయారుచేసినవాడు నోరు మూసుకుని వెనక నిలబడి చూడడం కూడా సరిగ్గా అదే. పరిశ్రమలో దాన్ని ప్లే టెస్ట్ అంటారు. నేను రెండు పీరియడ్లు చెప్పినా అర్థం కానిది వాళ్ళకు ఆ పదినిముషాల్లో అర్థమైంది. 1972లో కూడా ఇదే జరిగింది. అమెరికాలో అటారీ కంపెనీ పెట్టిన నోలన్ బుష్నెల్, కొత్తగా చేరిన అలాన్ అల్కార్న్ అనే ఇంజనీరుకు చేయి తిరగడానికని ఒక చిన్న బల్ల టెన్నిస్ ఆట చేసిపెట్టమన్నాడు. అంటే అదొక హోంవర్కు. దాన్ని సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బార్‌లో పెట్టి చూశారు. కొన్నాళ్ళకు మిషను పనిచేయడం లేదని కబురొచ్చింది. పోయి తెరిస్తే నాణేల పెట్టె నిండిపోయి ఆగిపోయింది! అదే 'పాంగ్'. జనం ఏం చేస్తారో ముందు అక్కడ చూసుకున్నారు, మాటలతో ఎవరినీ ఒప్పించలేదు.

ఆ రోజు ఇంకో సంగతి కూడా జరిగింది, అది నాకు మరీ సంతోషం. ఆ అమ్మాయి ఆటలో సూచనలు తెలుగులోనూ ఉర్దూలోనూ వున్నాయి. ఆర్టిస్టుగారు ఆగి "ఈ ఉర్దూ సరిగ్గా ఎట్లా వచ్చింది?" అని అడిగారు. విషయం ఏమిటంటే, ఇంగ్లీషు కోసం తయారైన ఇంజన్లు కొన్నింటిలో మన అక్షరాలు పెడితే నానా అవస్థ. తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఉర్దూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవవు, పైగా వరస తిరగబడుతుంది. ఈ పిల్ల మొదట వాడిన ఇంజన్‌లో వాళ్ళ నానమ్మకు చూపిస్తే, ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని "యే క్యా లిఖా హై బేటీ?" అన్నదట. అప్పుడు గోడో అనే ఉచిత ఇంజన్‌కు మారింది. 2023లో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో ఇలాంటి లిపులను కలిపి చూపే ఏర్పాటు వుంది. ఆర్టిస్టుగారు చేతిసంచిలోంచి పుస్తకం తీసి ఆ పేరు రాసుకున్నారు. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ, బజారులో కొంచెం అరవం - మన పిల్లలకు ఇది సహజంగా వున్న ఆస్తి. దీన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇంత చెప్పాను గనుక ఆ చదువులన్నీ బాగున్నాయని అనుకోకండి. నేను చూసిన ఒక సంస్థ, పేరు అనవసరం, వాళ్ళ రంగుల కరపత్రంలో పరిశ్రమ నిపుణుల ఫోటోలు పది వేసింది. విచారిస్తే ఒకాయన నలభై నిముషాలు ఉపన్యాసం ఇచ్చి, భోజనం చేసి వెళ్ళిపోయాడు. ఒక్క విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చోలేదు. ఆ ఫోటో చూసి తండ్రులు పొలం కాగితాలు తాకట్టు పెడుతున్నారు. కాబట్టి పిల్లవాణ్ణి చేర్చేముందు వెళ్ళి అడగండి. వచ్చిన నిపుణుడు ఎంతసేపు పిల్లల పక్కన కూర్చున్నాడు? మళ్ళీ రెండోసారి వచ్చాడా? రెండోసారి రావడం ముఖ్యం, ఎందుకంటే మొదటిసారి చెప్పిన తప్పు దిద్దారో లేదో చూసేది అప్పుడే. చివరి సంవత్సరం విద్యార్థి చేసిన ఆట నా ఫోన్లో ఎక్కించి చూపిస్తారా? ఇచ్చేది విశ్వవిద్యాలయపు డిగ్రీయా, వాళ్ళ సొంత సర్టిఫికెట్టా? ఈ నాలుగు మాటలకు సూటిగా జవాబు రాకపోతే టీ తాగి వచ్చేయండి.

ఉద్యోగాల సంగతి కూడా దాచకూడదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన ఆటల విభాగంలో 1,900 మందిని తీసేసింది. మన దేశంలో 2025 చట్టం రాగానే డబ్బు ఆటల కంపెనీలు ఆ ఆటలు ఆపేశాయి. అక్కడ పనిచేసే ప్రోగ్రామర్లు చాలామంది రోడ్డున పడ్డారు. చట్టం మంచిదే, ఆ పిల్లల పరిస్థితి మాత్రం బాధాకరం. అందుకే ఆటలు చేయడం నేర్చుకున్నా చేతిలో మామూలు కంప్యూటరు డిగ్రీ వుండాలని నా గట్టి అభిప్రాయం. ప్రోగ్రామింగు గట్టిగా వస్తే బ్యాంకు సాఫ్ట్‌వేర్ అయినా చేసుకు బతకవచ్చు. ఈ అమ్మాయి తల్లి నన్నొక ప్రశ్న అడిగింది: "ఉద్యోగం హైదరాబాదులో అంటారు సార్, అక్కడ మాకెవరున్నారు?" ఇంటి నుంచే చేసే పనులు కొన్ని వున్నాయిగాని, మొదటి ఉద్యోగానికి స్టూడియోలో కూర్చోవలసే వస్తుంది. ఆ తల్లికి నా దగ్గర జవాబు లేదు. హైదరాబాదులో స్థిరపడిన మన సభ్యుల కుటుంబాలు ఎవరైనా ఈ విషయం ఆలోచించాలి.

ఇక రెండు దరఖాస్తుల మీద నా అభిప్రాయం. అబ్బాయి అడిగింది పెద్ద మొత్తం, ఆ సంస్థ ఇచ్చేది సొంత సర్టిఫికెట్టు. నేను ఇప్పుడే ఇవ్వమనను, కాదనీ అనను. ఒక చిన్న ఆట పూర్తిచేసి చూపించమనండి, మూడు నెలలు గడువివ్వండి. దానికి కావలసిన గోడో ఇంజన్, బొమ్మలు చేసే బ్లెండర్ రెండూ ఉచితమే. చేసి చూపిస్తే ముందు నేనే చందా రాస్తాను. అమ్మాయికి ఫీజు సమస్య లేదు, ఆమెది మామూలు డిగ్రీ. మా ల్యాబు సాయంత్రం అయిదింటికి మూసేస్తారు, ఆరింటికి వాళ్ళ ఊరి బస్సు. ఆమెకు కావలసింది ఇంట్లో ఒక కంప్యూటరు. సెకండ్ హ్యాండుదైనా చాలు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలేమాలు చెప్పవలసిన మాట, నేను చెప్పకూడదు. సాధారణ విరాళాల ఖాతాలోంచి ఇస్తే ఆ ప్రశ్నే రాదు. ఇంకొక కోరిక. భారత గేమ్ డెవలపర్ల సదస్సు 2022 నుంచి 2024 దాకా హైదరాబాదులో జరిగి, 2025 నవంబరులో చెన్నైలో జరిగింది. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపల చేరే చోటు. అయినా మన జిల్లా నుంచి నా విద్యార్థులు ఒక్కరూ పోలేకపోయారు, టిక్కెట్టు ఖరీదు అలాంటిది. నిపుణులు మన దగ్గరికి రాకపోతే మన పిల్లల్నే వాళ్ళ దగ్గరికి పంపాలి. వచ్చేసారి ఎక్కడ జరిగినా ఇద్దరిని పంపడానికి నిధిలో కొంత వేరుగా పెట్టమని మనవి.

మగ్రిబ్‌కు ఇంకా అరగంట వుంది. పక్క గదిలో కాలేజీ కంప్యూటరు ఒకటి తెచ్చి పెట్టించాను. చెరువు ఆట అందులో వుంది, చెక్ ట్రే ఇప్పుడు గట్టు పక్కకు మారింది. ఆ అమ్మాయి వెనక నిలబడి వుంటుంది. ఆమెను ఏమీ అడగకండి, ఆమె చెప్పదు, నేనే చెప్పొద్దన్నాను. మనలో రొయ్యల చెరువులున్న సభ్యులు నలుగురైదుగురు కనబడుతున్నారు. దయచేసి మీరు కాసేపు ఆగండి. కరెంటు బిల్లు తప్ప చెరువు సంగతి తెలియని కార్యదర్శిగారిని ముందు కూర్చోబెడదాం.

సెలవు.